ఆరో బ్లాకులో తగ్గిన రైతులు

1969 ఆగస్టు మొదటి వారంలో నన్ను హైదరాబాదు నుంచి తెనాలికి నాలుగు నెలల క్యాంపు మీద పంపారు. అప్పుడు నేను జనాభా లెక్కల శాఖలో స్టాటిస్టికల్ అసిస్టెంటుని. గుమస్తా కంటే ఒక మెట్టు పైన, ఆఫీసరు కంటే రెండు మెట్లు కింద. ఏదైనా తప్పు జరిగితే సంజాయిషీ రాయాల్సిన మెట్టు సరిగ్గా అదే. తెనాలి మా సొంత ఊరు కావడంతో ఇంట్లోవాళ్లు బదిలీ అయిందనుకుని సంతోషించారు. క్యాంపు అంటే బదిలీ కాదని నచ్చజెప్పడానికే నాకు రెండు రోజులు పట్టింది.

తెనాలి, బాపట్ల, రేపల్లె తాలూకాలలో ఏ ఊరు పట్టణం, ఏ ఊరు పల్లె అన్నది తేల్చి జాబితా తయారు చేయడం నాకు అప్పగించిన పని. మా నాన్నకు ఈ మాట చెప్తే, "దానికి హైదరాబాదు నుంచి మనిషి రావాలా, ఊరు చూస్తే తెలియదా?" అన్నారు. చూస్తే తెలుస్తుంది. కానీ చూసేవాడు మారితే తెలిసేదీ మారుతుంది. ఉత్తర ఐరోపాలో కొన్ని దేశాల్లో రెండు వందల మంది ఒకచోట దగ్గర దగ్గరగా ఇళ్లు కట్టుకుని ఉంటే చాలు, అది పట్టణం. జపానులో నగరం అనిపించుకోవాలంటే యాభై వేల మంది ఉండాలి. అలాంటప్పుడు ఫలానా దేశంలో పట్టణవాసులు ఇంతమంది, మా దేశంలో ఇంతమంది అని పక్కపక్కన వేసి చూస్తే దేనితో దేన్ని పోల్చినట్టు? ఆ రోజుల్లో ఢిల్లీ నుంచి వచ్చే ప్రతి సర్క్యులరులోనూ ఈ గోడు ఉండేది. కనీసం మన దేశం లోపలైనా అస్సాములోనూ ఆంధ్రాలోనూ ఒకే కొలబద్ద ఉండాలని వాళ్ల పట్టుదల.

ఆ కొలబద్ద ఇది. మునిసిపాలిటీ ఉన్న ఊరు ఎలా ఉన్నా పట్టణమే. మిగతా ఊళ్లకు మూడు పరీక్షలు. జనాభా ఐదు వేలకు తగ్గకూడదు. చదరపు మైలుకు వెయ్యి మందికి తగ్గకూడదు. పని చేసే మగవాళ్లలో నాలుగింట మూడొంతుల మంది వ్యవసాయం కాని పనుల్లో ఉండాలి. మూడింటిలో ఒకటి తప్పినా అది పల్లె. ఆడవాళ్లను ఎందుకు వదిలేశారని మా అమ్మ అడిగింది. ఉత్తర్వులో అలాగే ఉందని చెప్పాను. రిటైరయ్యాక అడిగినా అదే చెప్తాను.

తెనాలి, బాపట్ల, రేపల్లెలకు మునిసిపాలిటీలు ఉన్నాయి కనుక వాటి గురించి ఆలోచించే పని లేదు. తెనాలిలో మా వీధి వెనకే గడ్డివాములు, పేడకుప్పలు, గేదెలు ఉండేవి. అవి పట్టణపు గేదెలు. బాపట్ల దగ్గర సూర్యలంక వైపు వెళ్తే మరో తమాషా. చేపలు పట్టడం అప్పటి మా లెక్కలో వ్యవసాయం కింద రాదు. కాబట్టి మూడో పరీక్షలో సముద్రం ఒడ్డున ఉన్న జాలరి పల్లెలు మద్రాసు నగరంతో సమానంగా నెగ్గేవి. జనాభా చాలక మొదటి పరీక్షలోనే పోయేవి కాబట్టి మా పరువు దక్కింది.

తలనొప్పి అంతా సందేహపు గ్రామాలతోనే. జనాభా ఉంది, జనం ఒత్తుగానే ఉన్నారు, కానీ మగవాళ్ల పని సంగతి అటూ ఇటూగా ఉంది. అలాంటి ఊళ్లలో అసలు జనగణనకు ముందే ఇంటింటికీ వెళ్లి వృత్తి విచారణ చేయించాలని ఉత్తర్వు. ఊరిని రెండు వందలేసి ఇళ్ల బ్లాకులుగా విడగొట్టి, బ్లాకుకు ఒక ఎలిమెంటరీ స్కూలు మాస్టారిని ఎన్యూమరేటరుగా వేశాం. ఎన్యూమరేటరు అంటే గడప గడపకూ వెళ్లి అడిగి స్లిప్పు నింపే మనిషి. అతని చేతికి ఒక సూచనల పుస్తకం ఇస్తాం. ఏ ప్రశ్న ఏ మాటల్లో అడగాలో అందులో ఉంటుంది.

రేపల్లె తాలూకాలో అలాంటి సందేహపు గ్రామం ఒకటి ఉంది. అసలు పేరు రాయడం మర్యాద కాదు కనుక కొత్తరేవు అందాం. రేపల్లె పాసింజరు దిగి రెండు మైళ్లు రిక్షాలో వెళ్లాలి. మూడు రైసు మిల్లులు, బట్టల కొట్లు, రెండు కాఫీ హోటళ్లు, టెంటు సినిమా, రేడియోలు బాగుచేసే కొట్టు, లారీలు ఆగే చోటు, ఊరి చివర మగ్గాల వీధి. మొదటిసారి ఆ బజారులో నడిచినప్పుడు ఇది పట్టణమేనని మనసులో అనేసుకున్నాను. అనుకోవడానికి నాకు జీతం ఇవ్వరు కనుక స్లిప్పుల కోసం కాచుకుని కూర్చున్నాను.

ఆ ఊరిలో బ్లాకులు ఆరు. సెప్టెంబరు మధ్యకు ఆరింటి స్లిప్పులూ వచ్చాయి. తెనాలిలో మా క్యాంపు ఆఫీసు ఒక పాత తాలూకా కచేరీ వెనక గది. అక్కడ బల్ల మీద బ్లాకులవారీగా పేర్చి లెక్క వేశాను. మగ్గాల వీధి ఒకటో బ్లాకులో ఉంది, దాంట్లో వింతేమీ లేదు. తర్వాత నాలుగు బ్లాకుల్లోనూ రైతులే రైతులు. ఆరో బ్లాకుకు వచ్చేసరికి రైతులు హఠాత్తుగా తగ్గిపోయారు. ఐదో బ్లాకు, ఆరో బ్లాకు బజారు రోడ్డుకు ఎదురెదురు వరసలు. ఒకే రకం మేడలు, ఒకే రకం కొట్లు, చాలామంది ఒకే ఇంటిపేరువాళ్లు. నా స్లిప్పుల ప్రకారం రోడ్డుకు తూర్పున ఉన్నవాళ్లు వ్యవసాయం చేస్తారు, పడమర ఉన్నవాళ్లు వ్యాపారం చేస్తారు. మొత్తం మీద ఊరు మూడొంతుల గీతకు బాగా కింద ఆగింది. ఐదు బ్లాకులూ ఆరో బ్లాకులా ఉండి ఉంటే గీత దాటేది.

ఆరో బ్లాకు ఎన్యూమరేటరు వీరభద్రం మాస్టారు. ముప్పై ఏళ్లు ఉంటాయి. చీరాల వైపు నేత కుటుంబం. ఆ స్కూల్లో మూడో ఏడు, ఇంకా పర్మినెంటు కాలేదు. ఇదంతా నేను విచారించి తెలుసుకున్నది కాదు. అదే వారం ఆయన మీద వచ్చిన ఫిర్యాదులో ఉంది. సంతకం పెట్టింది గ్రామ పంచాయతీ ప్రెసిడెంటూ, పెద్ద రైసు మిల్లు యజమానీ అయిన రాఘవయ్య గారు. కింద మరో పది సంతకాలు. తాము వ్యవసాయం అని చెప్పగా సదరు మాస్టారు తన ఇష్టం వచ్చినట్టు వ్యాపారమని రాసుకున్నాడనీ, ఊరిని పట్టణం చేయించి కుళాయిలు వేయించుకోవాలని తిరుగుతున్నవాళ్లలో అతనొకడనీ, వాళ్లు పెట్టిన అర్జీ మీద అతని సంతకం కూడా ఉందనీ దాని సారాంశం. అర్జీ నకలు కూడా జతపరిచారు. సంతకం నిజంగానే ఉంది.

ఒక సంగతి ఇక్కడే చెప్పాలి. మా జాబితాలో పట్టణం అని రాసినంత మాత్రాన ఏ ఊరికీ కుళాయిలు రావు, పంచాయతీ పోదు, పన్నులు పెరగవు. అది కేవలం లెక్కల పట్టికల కోసం. ఈ ముక్క నేను కొత్తరేవులో కనీసం యాభైమందికి చెప్పి ఉంటాను. కుళాయిలు కావాలన్నవాళ్లూ నమ్మలేదు, పన్నులు వద్దన్నవాళ్లూ నమ్మలేదు. హైదరాబాదు నుంచి వచ్చినవాడు ఊరికే రాడని అందరి నమ్మకం.

ఫిర్యాదును హైదరాబాదుకు పంపాను. మా డిప్యూటీ డైరెక్టరు గారు కోపం రాని మనిషి. అందువల్లే ఆయనంటే మాకు భయం. వారం తిరక్కుండా జవాబు వచ్చింది. నేను స్వయంగా విచారించి రిపోర్టు పంపాలి. స్లిప్పుల్లో అబద్ధపు నమోదు జరిగిందని తేలితే కాగితాలు విద్యాశాఖకు వెళ్తాయి. పర్మినెంటు కాని మాస్టారి మీద అలాంటి కాగితం వెళ్తే ఏమవుతుందో ఆయనా రాయలేదు, నేనూ అడగలేదు.

కొత్తరేవుకు వెళ్లి మొదట మాస్టారినే కలిశాను. స్కూలు వరండాలో నిలబడే మాట్లాడాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. పుస్తకంలో ఉన్న ప్రశ్న అడిగావా లేదా అన్నాను.

"మొదట అదే అడిగానండి. నా బ్లాకులో మొదటి ఇల్లు రేడియో కొట్టు. చేతిలో స్క్రూడ్రైవరు పట్టుకుని వ్యవసాయం అన్నాడండి. రాయడానికి చెయ్యి రాలేదు."

"మరి ఏమడిగావు?"

"నిన్న పొద్దున్నించి ఏం చేశారండీ అని అడిగా. మొన్నేం చేశారండీ అని. పోయిన నాట్లప్పుడు పొలంలో ఎన్ని రోజులున్నారండీ అని. వాళ్లు చెప్పిందే రాశా సార్. ఒక్క ముక్క కల్పించలేదు."

ప్రశ్న మార్చే అధికారం ఎన్యూమరేటరుకు లేదని గట్టిగానే అన్నాను. అర్జీ మీద సంతకం ఎందుకు పెట్టావని అడిగాను. ఆ ఊళ్లో బావుల నీళ్లు ఉప్పు, వేసంకాలం కాలవ కట్టేస్తే పిల్లలు ఏం తాగుతున్నారో మీరు చూడలేదు అన్నాడు. దానికీ ఫిర్యాదుకూ సంబంధం లేదని నేను అన్నాను. ఆ రోజు నా ధోరణి అలా ఉంది. ముప్పై నాలుగేళ్ల వయసు, చేతిలో విచారణ ఉత్తర్వు, పుస్తకం కంఠతా వచ్చు. ఇప్పుడు తలుచుకుంటే అప్పటి ఆ నేను నాకు నచ్చను.

ఆరో బ్లాకులో ఇరవై ఇళ్లు ఎంచుకుని నేనే తిరిగాను. పుస్తకంలో ఉన్న ప్రశ్న ఉన్నది ఉన్నట్టు అడిగాను. మీరేం చేస్తారండి? వ్యవసాయమండి. పక్క ఇల్లు. వ్యవసాయమండి. బట్టల కొట్టు గల్లాపెట్టె వెనక కూర్చున్న ఆయన వ్యవసాయం. లారీ ఓనరు వ్యవసాయం. కాఫీ హోటలు నాయరు మాత్రం హోటలు అన్నాడు. అతనిది కేరళ. ఇరవైలో మూడిళ్లు తప్ప అందరూ రైతులే. ఫిర్యాదు నిజమని తేలినట్టే ఉంది. రేపల్లె ట్రావెలర్స్ బంగళాలో కూర్చుని చిత్తు రిపోర్టు రాశాను. "ఎన్యూమరేటరు గృహస్థులు ఇచ్చిన సమాధానాలకు బదులు స్వంత ఊహను నమోదు చేసినట్లు కనబడుచున్నది" అని అందులో ఒక వాక్యం ఉంది. భాష బాగా కుదిరిందని సంతోషించాను కూడా.

టైపు మిషను తెనాలిలో ఉంది. శనివారం సాయంత్రం పాసింజరెక్కి ఇంటికి వచ్చాను. ఆదివారం పొద్దున రిపోర్టు సాపు రాద్దామని తెల్లకాగితం కోసం నాన్న బల్ల సొరుగు లాగాను. పైనే మా చెల్లెలి కాలేజీ దరఖాస్తు నకలు ఉంది. రెండు నెలల కిందట నేనే నింపాను. తండ్రి పేరు. చిరునామా. తండ్రి వృత్తి: వ్యవసాయం. నా దస్తూరీ.

మా నాన్నకు కొల్లిపర అవతల ఎకరం ముప్పాతిక ఉండేది. మా పెదనాన్న కొడుకు చేసుకునేవాడు. నాన్న తెనాలి బజారులో ఇత్తడి సామాన్ల కొట్టు పెట్టి ఇరవై ఎనిమిదేళ్లు. నాకు ఊహ బాగా తెలిశాక ఆయన అరక పట్టగా చూడలేదు. ఆ దరఖాస్తు నింపేటప్పుడు నన్నెవరూ పక్కన కూర్చుని వ్యవసాయం అని రాయమని చెప్పలేదు. నేను ఆలోచించి రాయలేదు, అబద్ధమని తెలిసి రాయలేదు. చెయ్యి దానంతట అది రాసేసింది. నేను జనాభా లెక్కల ఉద్యోగిని. వృత్తుల వర్గీకరణ మీద శిక్షణ పొందినవాణ్ని. సిగ్గేసింది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర అడిగాను. "నాన్నా, నిన్న పొద్దున్నించి ఏం చేశారు?"

"ఏంటా ప్రశ్న? కొట్టు తీశా. బిందెలు వచ్చాయి, దింపించా. రాత్రి కట్టేసి వచ్చా."

"మొన్న?"

"మొన్నా అంతే. కొట్టుకు సెలవేంటి?"

"మరి ఎవరన్నా అడిగితే వ్యవసాయం అంటారేం?"

ఆయన మజ్జిగ పోసుకోవడం ఆపి నా మొహం వంక చూశారు. "కొట్టు నేను కూచునే చోటురా. నేను రైతుని కాకపోతే ఇంకేంటి?" అన్నారు. అందులో ఆయనకు అడగవలసిన సంగతేదీ కనబడలేదు. మా అమ్మకూ కనబడలేదు. ఆదివారం పూట తండ్రిని ఇలా నిలదీయడం ఏంటని నన్నే కసిరింది.

డెల్టాలో పుట్టినవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. మిగతావాళ్ల కోసం రాస్తున్నాను. మా వైపు ఏం చేస్తారని అడిగితే ఆ మనిషి పొద్దుట్నించీ చేసే పని చెప్పడు. తానెవరో చెబుతాడు. మిల్లు రావచ్చు, పోవచ్చు. కొట్టు పెట్టవచ్చు, తీసేయవచ్చు. అరెకరం ఉన్నా, దాన్ని ఇరవై ఏళ్లుగా ఇంకొకరు దున్నుతున్నా, అతను రైతే. పెళ్లి సంబంధాల దగ్గర అదే మాట, కోర్టులో అదే మాట. జనాభా లెక్కలవాడు వస్తే అదే మాట. వాళ్లు అబద్ధం చెప్పలేదు. మేం అడిగింది ఒకటి, వాళ్లు విన్నది ఒకటి. మేం విన్నది రాసుకుని దానికి వృత్తి అని పేరు పెట్టాం.

చిత్తు రిపోర్టు చించేసి సోమవారం మళ్లీ కొత్తరేవు వెళ్లాను. ఈసారి ఆరు బ్లాకుల్లోనూ బ్లాకుకు పదిహేను ఇళ్ల చొప్పున తీసుకున్నాను. ప్రతి ఇంట్లో ముందు పుస్తకం ప్రశ్న, తర్వాత వీరభద్రం మాస్టారి ప్రశ్న అడిగి రెండూ వేర్వేరు కాలమ్‌లలో రాసుకున్నాను. ఐదో బ్లాకులో రైతులందరూ రెండో కాలమ్‌లోకి వచ్చేసరికి కమిషను ఏజెంట్లు, కాంట్రాక్టర్లు, మిల్లు గుమస్తాలు, ఎరువుల వ్యాపారులు అయ్యారు. ఆరో బ్లాకులో మాస్టారి స్లిప్పులకూ నా రెండో కాలమ్‌కీ ఒక్క ఇల్లు తప్ప తేడా లేదు. ఆ ఒక్క ఇంట్లో మాస్టారి రాతే సరైనది. ఇంటాయన లేకపోతే నేను ఆయన తమ్ముణ్ని అడిగి వచ్చాను.

రాఘవయ్య గారిని మిల్లులోనే కలిశాను. ఊక ఎగురుతోంది, మాట వినబడక ఆఫీసు గదిలోకి తీసుకెళ్లారు. పెద్దమనిషి, మర్యాదస్తుడు. నిన్న పొద్దున్నించి ఏం చేశారండి అంటే ఏ అనుమానమూ లేకుండా మొదలుపెట్టారు. తెల్లారకముందే బాయిలరు దగ్గరికి రావడం, ధాన్యం బస్తాలు తూకం వేయించడం, రెండు లారీలు గుంటూరు పంపడం. పోయిన నాట్లప్పుడు పొలానికి వెళ్లారా అన్నాను.

"వెళ్లానండి. ఒకరోజు. గట్టు మీద నించున్నా." నవ్వేశారు. "చెప్పులు కూడా విప్పలేదండి."

"మాస్టారు కూడా ఇదే రాశారండి."

నవ్వు పోయింది. "అట్లా అడిగితే అట్లాగే వచ్చిద్దండి. మీరు వ్యాపారం అని రాసుకుపోతారు. రేపు మా కౌలుదారు కోర్టుకెళ్లి, ఈయన వ్యవసాయదారుడు కాదని సర్కారు కాగితంలోనే ఉందంటే నేనేం చేయాలి?"

స్లిప్పులు రహస్యమనీ, చట్టం ప్రకారం ఏ కోర్టుకూ వెళ్లవనీ చెప్పాను. తల ఊపారు గానీ నమ్మలేదు. ఫిర్యాదు నిలబడితే మాస్టారి ఉద్యోగం పోతుందని కూడా చెప్పాను. ఆయన ఆ సంగతి ఆలోచించలేదని మొహం చూస్తే తెలిసింది.

"ఉద్యోగం దాకా పోయిద్దనుకోలేదండి. మా పిల్లలకీ ఆయనే చెప్తాడు పాఠాలు. మా స్లిప్పు మారిస్తే చాలు బాబూ, నేనే ఇంకో కాగితం రాసిస్తా ఆయన మంచోడని."

అలా బేరం పెట్టుకోవడం కుదరదని లేచి వచ్చేశాను. నా రిపోర్టు తొమ్మిది పేజీలు అయింది. ఆరో బ్లాకు నమోదులు వాస్తవమనీ, మిగతా ఐదు బ్లాకుల్లో మాస్టారి పద్ధతిలో మళ్లీ అడిగిస్తే ఊరు మూడో పరీక్ష నెగ్గుతుందనీ, కొత్తరేవును పట్టణంగా చూపాలనీ రాశాను. రెండు కాలమ్‌ల పట్టిక జతపరిచాను. పోస్టులో పంపడం ఇష్టం లేక నేనే హైదరాబాదు తీసుకెళ్లి ఇచ్చాను.

డిప్యూటీ డైరెక్టరు గారు నన్ను కూర్చోబెట్టి పూర్తిగా చదివారు. మాస్టారు రాసింది నిజమని వెంటనే ఒప్పుకున్నారు. తర్వాత కళ్లజోడు తీసి, రాష్ట్రం మొత్తం మీద సందేహపు గ్రామాలన్నిటిలోనూ పుస్తకంలోని ప్రశ్నే అడిగారు కదా, ఈ ఒక్క ఊళ్లో వేరే ప్రశ్న అడిగి దీన్ని పట్టణం అంటే, పక్క తాలూకాలో అదే ప్రశ్న అడగని ఊరితో దీన్ని ఎలా పోల్చాలి అని అడిగారు. అన్నిచోట్లా మళ్లీ అడిగిద్దాం అన్నాను. ఇళ్ల జాబితాల పని మీద పడుతోంది, టైము లేదు, మనుషుల్లేరు అన్నారు. అదీ నిజమే. ప్రశ్నలోని లోపాన్ని ఢిల్లీకి విడిగా రాస్తానన్నారు. రాశారు కూడా. కానీ ఈ విచారణకు మాత్రం అందరికీ ఒకే ప్రశ్న ఉండాలి. అంటే ఆరో బ్లాకు స్లిప్పులు పక్కన పెట్టి, ఆ బ్లాకును పుస్తకం ప్రకారం మళ్లీ రాయించాలి. రాయవలసింది నేను.

ఆయన తర్కంలో ఎక్కడ తప్పుందో ఇప్పటికీ పట్టుకోలేకపోయాను. ఒక్కటే అడిగాను. మాస్టారి పేరు మీద మచ్చ లేదని రాతపూర్వకంగా ఇప్పించమన్నాను. ఆయన తన చేత్తోనే ఉత్తరం రాశారు. నమోదులో దురుద్దేశం లేదనీ, ఎన్యూమరేటరు "సూచనలకు మించిన శ్రద్ధ" చూపారనీ అందులో ఉంది. మెచ్చుకోలో మందలింపో తేల్చుకోలేని మాట. విద్యాశాఖకు ఒక నకలు, మాస్టారికి ఒక నకలు.

అక్టోబరు చివర్లో ఆ ఉత్తరం, కొత్త స్లిప్పుల కట్ట పట్టుకుని కొత్తరేవు వెళ్లాను. వీరభద్రం మాస్టారు ఉత్తరం రెండుసార్లు చదువుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత స్లిప్పుల కట్ట చూశాడు. సంగతి చెప్పాను. ఇంటి నంబర్లు చూపించడానికి తనే నా వెంట బయల్దేరాడు.

మొదటి ఇల్లు రేడియో కొట్టు. ఆ అబ్బాయి నన్ను గుర్తుపట్టి, స్క్రూడ్రైవరు కింద పెట్టి, నేను అడగకముందే మొదలుపెట్టాడు. "నిన్న పొద్దున్నించి రెండు సెట్లు విప్పానండి, మొన్నయితే..."

చెయ్యెత్తి ఆపాను. "అది అడగడం లేదు బాబూ. మీరేం చేస్తారు?"

అతను నా వంకా మాస్టారి వంకా చూశాడు. "వ్యవసాయమండి" అన్నాడు.

రాశాను. పక్క ఇంటికి వెళ్లాం. అలా ఆ రోజంతా, మర్నాడు సాయంత్రం దాకా, ఆరో బ్లాకులోని మగవాళ్లందర్నీ తిరిగి రైతుల్ని చేశాను. రాఘవయ్య గారు తన స్లిప్పు చదివించుకుని తృప్తిగా తల ఊపి, మాకిద్దరికీ కాఫీ ఇప్పించారు. మాస్టారి కప్పు తనే అందించారు. ఆయన మాట ప్రకారం మంచి కాగితం కూడా రాసిచ్చారు, దాని అవసరం లేకపోయినా.

చివరి ఇల్లు అయ్యాక రిక్షా కోసం బజారు మొగలో నిలబడ్డాం. అంతవరకూ నంబర్లు తప్ప మాట్లాడని మాస్టారు అప్పుడు అడిగాడు.

"సార్, రాయడానికి మీకు చెయ్యి వచ్చిందాండి?"

ఎగతాళిగా అడగలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. రాయాల్సి వచ్చింది అన్నాను. రిక్షా వచ్చింది.

కొత్తరేవు పల్లెగానే జాబితాకు ఎక్కింది. మరుసటి ఏడు వీరభద్రం మాస్టారిని పర్మినెంటు చేశారని రేపల్లెలో ఎవరో చెప్పారు. నేను ఆయన్ను మళ్లీ చూడలేదు.

1971 జనగణనలో మనిషి ప్రధానంగా ఏ పని మీద తన కాలం గడుపుతున్నాడో అడిగే పద్ధతి వచ్చింది. అది మా రిపోర్టు వల్ల వచ్చిందని నేను చెప్పుకోను. ఢిల్లీలో అలాంటి రిపోర్టులు గుట్టలుగా ఉండి ఉంటాయి. ఆ మార్చిలో నేను సెలవు మీద తెనాలిలో ఉన్నాను. ఒక మాస్టారు మా ఇంటికి స్లిప్పులు నింపడానికి వచ్చాడు. నాన్న వరండాలో కూర్చుని జవాబులు చెప్తున్నారు. పని దగ్గరికి వచ్చేసరికి ఎప్పటిలాగే వ్యవసాయం అన్నారు. మాస్టారు రాయబోతుంటే నేను లోపలి నుంచి వచ్చి, నిన్న పొద్దున్నించి ఏం చేశారో అడగండి అన్నాను. అడిగాడు. నాన్న నన్ను చూస్తూనే జవాబు చెప్పారు. స్లిప్పులో చిల్లర వ్యాపారం, ఇత్తడి సామాన్లు అని పడింది. తెనాలి మునిసిపాలిటీ కనుక ఆ మార్పుతో పట్టణం పల్లె కాదు, పల్లె పట్టణం కాదు. ఏ పట్టికా మారలేదు. నాన్న మాత్రం రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఆ తర్వాత ఇరవై ఏళ్లకు పైగా నేను ఈ శాఖలోనే పనిచేశాను. పట్టణానికీ పల్లెకూ నిర్వచనాలు ఎన్నో చదివాను, కొన్ని రాయడంలో నా చెయ్యి కూడా ఉంది. కొత్తరేవులో నాకు తెలిసింది ఇంతే. నిర్వచనం ఎంత బాగా రాసినా, గడప దగ్గర అడిగిన ప్రశ్నే చివరికి లెక్క అవుతుంది. అందరూ ఒకే తప్పు చేస్తే అంకెలు పోల్చుకోవచ్చు. ఒక్కడు సరిగ్గా చేస్తే అతని అంకెను పక్కన పెట్టాలి. పక్కన పెట్టినప్పుడు, పెట్టామని ఎక్కడో ఒకచోట రాసి ఉంచాలి. అప్పటి ఫైలులో ఆ ముక్క నేను రాయలేదు. ఇక్కడ రాశాను.